కంప్యూటరుకి బొట్టు పెట్టిన రోజు

టాటానగర్ పక్కన ఆదిత్యపూర్ యూనిట్లలో కొత్తగా చేరబోయే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, "అంకుల్, అక్కడ ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతుంటారు. లేత్ నేర్చుకోండి, కొలతలు నేర్చుకోండి అని చెప్పడానికి వేరే పెద్దమనుషులున్నారు. నా ఉద్యోగమంతా ఖర్కాయి నదికి అవతల ఒకే షెడ్డులో గడిచింది. షాఫ్టులు, కప్లింగులు, గేర్లు చేసి పెద్ద ఫ్యాక్టరీలకి పంపే చిన్న యూనిట్ అది. అందులో నేను డ్రాయింగ్ సెక్షన్ ఇన్‌చార్జిని. ఇన్‌చార్జి అంటే వినడానికి బాగుంటుంది గానీ, సెక్షన్ అంటే ఒక గది, ఒక టేబులు, ఒక కంప్యూటరు, నేను. ప్రమోషన్ల గురించి రాయాలంటే ఒక్క వాక్యం చాలు: ఒకసారి కుర్చీ మార్చారు, అదీ పాతది నాతో సహా కూలిపోయింది కనక.

నా మాటల్లో ఉప్పూకారం ఎక్కువని మా ఆవిడ అంటుంది. ఈ సంగతికి నేను విడిగా ఏమీ చల్లలేదు. దానంతటదే ఘాటుగా జరిగింది.

ఉచితానికి బేరం

మా యజమానిని అందరం సేఠ్‌జీ అనేవాళ్ళం. ఆయన మాట్లాడేది హిందీయే. మీ సౌకర్యం కోసం తెలుగులోకి దించి రాస్తున్నాను. తిట్లు మాత్రం దించడం కుదరక అక్కడే వదిలేశాను. చెడ్డవాడేమీ కాదు. జేబులోంచి డబ్బు బయటికి వెళ్తుంటే ఆయనకి ఒళ్ళు నొప్పి వచ్చేది, అంతే. మా సెక్షన్ కంప్యూటరు ఆయన పెళ్ళినాటిదని నా అనుమానం. పొద్దున్నే దాన్ని ఆన్ చేసి, ఆటో ఎక్కి, వంతెన దాటి, సాక్చి బజారులో వంకాయలు బేరమాడి కొనుక్కుని తిరిగొచ్చినా అది ఇంకా కళ్ళు నులుముకుంటూనే ఉండేది. వంకాయలు వాడిపోయాక డ్రాయింగు తెరుచుకునేది.

పైగా అందులో ఎక్కించిన సిస్టమ్ దొంగ కాపీ. ఆ సంగతి ఎలాగో దానికే తెలిసిపోయి, ప్రతి డ్రాయింగు మధ్యలో ఒక హెచ్చరిక వచ్చి కూర్చోవడం మొదలైంది. ఒకరోజు చూసుకోకుండా ఆ హెచ్చరికతోనే ప్రింటు తీసి కిందికి పంపాను. మా హెడ్ టర్నరు సింహాద్రి మావ ఆ కాగితం పట్టుకొచ్చి నా టేబులు మీద పరిచాడు. ఆయనది ఇచ్ఛాపురం వైపు, ఈ షెడ్డుకి పునాది తీసినప్పటి నుంచీ ఇక్కడే.

"రాజుగారూ, ఈ గేరు మజ్జిలో ఈ రాతేటి? చెక్కీమంటారా, వదిలీమంటారా?"

అదే రోజుల్లో పద్మ చేరింది. పర్సుడీహ్‌లో తెలుగువాళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న టాటానగర్ రైల్వే షెడ్డులో ఫిట్టరు. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది. ఇంట్లో కూడా అంతేనట. కంప్యూటర్ డిప్లమా చేసి ఉంది. సేఠ్‌జీ ఆమెని లెటర్ ఇవ్వకుండా 'చూద్దాం' అనే ఉద్యోగంలో పెట్టుకున్నాడు. ఆ చూద్దాం మీద ఏళ్ళకేళ్ళు బతికినవాళ్ళు మా దగ్గర చాలామంది.

వచ్చిన వారంలోనే ఆ పిల్ల నన్ను వెంటబెట్టుకుని సేఠ్‌జీ గదిలోకి వెళ్ళి, ఈ దొంగ సిస్టమ్ తీసేసి లినక్స్ వేసుకుందామని చెప్పింది. ఎవరెవరో దేశదేశాల వాళ్ళు కలిసి రాసి, ఎవరైనా వాడుకోండి, లోపల విప్పి చూసుకోండి అని వదిలేసిన సిస్టమ్ అది అని, మన పాత మెషిన్ మీద కూడా పరిగెడుతుందని, డ్రాయింగులు తెరిచే ప్రోగ్రాము కూడా దాంతో వస్తుందని చెప్పింది.

"ఎంత?" అన్నాడు సేఠ్‌జీ.

"ఫ్రీ, సర్."

"అది విన్నాను. ఆఖరి రేటు చెప్పు."

పద్మ నా వైపు చూసింది. సేఠ్‌జీ ఏ వస్తువూ మొదటి ధరకి కొన్న మనిషి కాదు. సున్నా కూడా ఒక ధరే కదా. నేను మెల్లగా, "ఏదో ఒకటి తగ్గించమ్మా, లేకపోతే ఒప్పుకోడు," అన్నాను.

"ఠీక్ హై సర్," అంది పద్మ, "ఆప్ కే లియే ఇన్‌స్టాలేషన్ భీ ఫ్రీ."

ఎక్కించే కూలీ కూడా లేదనేసరికి సేఠ్‌జీ గెలిచినవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు. వాలి, షరతు పెట్టాడు. విశ్వకర్మ పూజ దాకా చూస్తాను, పని ఆగకపోతే నీకు పర్మనెంట్ లెటర్, ఒక్క డ్రాయింగు పోయినా ఆ ఫ్రీ సరుకూ నువ్వూ కలిసి గేటు బయటికి, అన్నాడు.

ఆ మాటకి ఎంత బరువుందో కొత్తవాళ్ళకి తెలియదు. ఆదిత్యపూర్‌లో ఒక షెడ్డులోంచి తీసేసిన మనిషి సంగతి టీ చల్లారేలోపు పక్క షెడ్డుకి చేరుతుంది. ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా మొదటి ప్రశ్న, "అక్కడ ఎందుకు తీసేశారు?" పద్మకి ఇది మొదటి ఉద్యోగం.

కిరసనాయిలు వైద్యం

ఆ సిస్టమ్‌లో ముందు నన్ను భయపెట్టింది నల్ల కిటికీ. టెర్మినల్ అంటారు. బొమ్మలుండవు, బొత్తాలుండవు. మనం ఒక మాట రాస్తే అది ఒక మాట చెబుతుంది. మొదటిరోజు పద్మ నాకు పాస్‌వర్డ్ ఇచ్చి ఇంటికి వెళ్ళిపోయింది. నేను కొట్టాను. తెర మీద ఏమీ పడలేదు. అక్షరం సరే, చుక్క కూడా లేదు. ఇంకాస్త గట్టిగా కొట్టాను. ఏమీ లేదు.

మా షెడ్డులో కదలని వస్తువు ఏదైనా ముందు కిరసనాయిల్లో మునగాలి. కీబోర్డు మీటలన్నీ ఊడదీసి, బేరింగులు కడిగే ట్రేలో వేసి, బ్రష్షుతో తోమి, రేకు మీద ఆరబెట్టి, గుర్తున్నంతవరకు తిరిగి బిగించాను. మీటల్లో కొన్ని ఇళ్ళు మారాయని తర్వాత తేలింది.

మర్నాడు పద్మ గది గుమ్మంలోనే ఆగి ముక్కు మూసుకుంది. "అంకుల్, యే మిట్టీ తేల్ కీ బూ కహా సే?" కిరసనాయిలు వాసన ఎక్కడిదని.

"కీబోర్డు పట్టేస్తే కడిగానమ్మా. పాస్‌వర్డ్ పడలేదు."

"పాస్‌వర్డ్ దిఖ్‌తా హీ నహీ హై, అంకుల్." అసలు కనబడదట. దొంగచూపులు చూసేవాడికి ఎన్ని అక్షరాలో కూడా తెలియకూడదని అలా దాస్తుందట. మనం కొట్టింది కొట్టినట్టు లోపలికి వెళుతూనే ఉంటుందట.

"ఆ ముక్క నిన్న చెప్పకూడదా?"

"ఆప్ నే పూఛా హీ నహీ."

నేను అడగలేదు, నిజమే. ఇన్‌చార్జి కుర్చీలో కూర్చుని ఒక చిన్నపిల్లని "ఇది నాకు రాదు, చెప్పు" అని అడగడం కన్నా కీబోర్డుని కిరసనాయిల్లో ముంచడమే నాకు తేలికగా తోచింది. మీరు ఎంత వేగంగా ఆ నాలుగు మాటలు అనగలిగితే అంత కిరసనాయిలు మిగులుతుంది.

తర్వాత సుడో. ఏం రాసినా తెర, నీకు అనుమతి లేదు అనేది. వయసులో పెద్దవాణ్ణి, నాకు కోపం వచ్చింది. పద్మ మా షెడ్డు భాషలోనే విప్పి చెప్పింది: స్టోర్‌లో మీరు ఊరికే అడిగితే బోల్టు ఇవ్వరు, 'సేఠ్‌జీ చెప్పారు' అంటే ఇస్తారు కదా, ఇక్కడ ముందు సుడో అని రాస్తే సేఠ్‌జీ చెప్పినట్టు లెక్క. ఆ సంగతి తెలిశాక నేను అవసరం ఉన్నా లేకపోయినా ప్రతిదానికీ సుడో తగిలించి, ఒక మధ్యాహ్నం తెర మీద గడియారంతో సహా అన్నీ మాయం చేశాను. ఆ పిల్ల కోప్పడలేదు. సేఠ్‌జీ పేరు చెప్పి స్టోరుకి నిప్పుపెట్టినా స్టోర్‌కీపరు ఆపడు అంకుల్, ఆ పేరు వాడేముందు ఒకసారి ఊపిరి పీల్చుకోండి, అంది. ఏ పై అధికారీ నాకు అధికారం గురించి ఇంత శుభ్రంగా చెప్పలేదు.

మొత్తానికి వానాకాలం సగం గడిచేసరికి డ్రాయింగులు సాఫీగా నడుస్తున్నాయి. వంకాయలు తాజాగా ఇంటికి చేరుతున్నాయి.

మెషినా, కాదా

ఇక్కడి విశ్వకర్మ పూజ సంగతి కొత్తగా వచ్చేవాళ్ళకి చెప్పాలి. ఆ రోజు ఏ షెడ్డులోనూ మెషిన్ తిరగదు. అన్నిటినీ కడిగి, బొట్టు పెట్టి, దండ వేసి కూర్చోబెడతారు. సుత్తిని కూడా ముట్టుకోరు. ఏడాదంతా మనకి చాకిరీ చేసినదానికి ఒక్కరోజు సెలవు. మా షెడ్డులో ఆ సెలవు మొదలయ్యేది సేఠ్‌జీ చేతి మీదుగా. స్నానం చేసి, పట్టు పంచె కట్టుకుని వచ్చి మెయిన్ స్విచ్ కిందికి లాగేవాడు.

ఆ యేడు పూజ ముందురోజు పద్మ, సిస్టమ్‌కి కొత్త వెర్షన్ వచ్చింది, రేపు ఎక్కిస్తాను, డ్రాయింగులు ఎవరికీ అక్కర్లేని రోజు అదొక్కటే, అంది. సింహాద్రి మావ గుమ్మంలో నిలబడి విన్నాడు.

"పూజనాడు మెషిన్ నడపకూడదమ్మా."

"తాతాజీ, యే మెషిన్ థోడీ హై." ఇదేం మెషిన్ కాదుగా, అని.

"మెషిన్ కాపోతే ఏటేటా దీనికి బొట్టెందుకు పెడతన్నాం?"

నేను మధ్యలో దూరాను. "తిరిగేదే మెషిన్ మావా. ఇది తిరగదు కదా."

"లోపల పంకా తిరుగుతాది బాబూ. చెవెట్టి ఇను."

పెట్టి విన్నాను. తిరుగుతోంది. ఈలోగా వెల్డర్లు వచ్చారు, ప్యాకింగ్ వాళ్ళు వచ్చారు. అయితే సేఠ్‌జీ గదిలో ఫ్రిజ్ మెషినా అని ఒకడు, చేతి గడియారం సంగతేమిటని ఒకడు, షెడ్డు రెండుగా చీలింది. చివరికి ఈ యేడు కంప్యూటరుని పూజలో కలపకుండా పక్కన పెడదామని రాజీ కుదిరింది. "మీ ఇష్టం," అన్నాడు మావ. "దేవుడికి మీరే సెప్పుకోండి."

పూజరోజు పద్మ అందరికన్నా ముందు వచ్చి పని మొదలుపెట్టింది. తెర మీద గీత ఒకటి చీమలా పాకుతోంది. కింద, ఆపవద్దు అని రాసుంది. ఆ మాటే సేఠ్‌జీకి ఫోన్ చేసి చెప్పి, నాకూ చెప్పి, వాళ్ళ నాన్న షెడ్డులో పూజకి వెళ్ళింది, మధ్యాహ్నం భోజనాలకి వస్తానని. ఆమె అటు వెళ్ళగానే సేఠ్‌జీ వచ్చి నన్ను స్కూటర్ మీద పంతులుగారిని తీసుకురమ్మన్నాడు.

పంతులుగారితో తిరిగొచ్చేసరికి షెడ్డంతా చీకటి. నా గదిలోకి పరిగెత్తాను. కంప్యూటరుకి దండ, నుదుట సిందూరం. సీడీలు పెట్టే చిన్న పళ్ళెం బయటికి వచ్చి ఉంది. దాని మధ్య కన్నంలో అగరొత్తులు వెలుగుతున్నాయి. సేఠ్‌జీ ఏదో బొత్తం నొక్కితే అది దానంతటది బయటికి వచ్చిందట. పూజకోసం కంపెనీవాడే పెట్టిన ఏర్పాటు అనుకున్నాడు. అది తిరిగి లోపలికి పోకుండా మెయిన్ లాగేశాడు.

"సర్, ఆపవద్దని చెప్పింది కదా ఆ పిల్ల."

"ఏడాదికొకసారి నా స్విచ్ నేను లాగుతాను. దానికి ఈ డబ్బాని పర్మిషన్ అడగాలా?"

వైద్యమూ, పనీ

పద్మ పట్టు చీరలో, వాళ్ళ నాన్న షెడ్డు ప్రసాదం డబ్బాతో వచ్చింది. గదిలోకి చూసి డబ్బా అలాగే పట్టుకుని నిలబడిపోయింది. సగంలో ఆపితే సిస్టమ్ పాతదీ కాదు, కొత్తదీ కాదు, వెంటనే ఆన్ చేసి చూడాలి, అంది. మర్నాడు పొద్దున్నే పెద్ద కస్టమర్ తరఫు మనిషి గేర్లు కొలవడానికి వస్తున్నాడు. డ్రాయింగు లేకపోతే దేనితో పోల్చి కొలుస్తాడు? ఆ మాట వినగానే సేఠ్‌జీ ముఖం పాలిపోయింది. కానీ స్విచ్ ఎత్తడానికి చెయ్యి రాలేదు. బొట్టు పెట్టిన మెషిన్‌ని అదే రోజు నడపడమా? అందరం పంతులుగారి వైపు తిరిగాం.

ఆయన చూపు కిచిడీ గుండిగ మీద ఉంది. "పని చేయించకూడదు," అన్నాడు. "జబ్బు చేస్తే వైద్యం చేయించవచ్చు. వైద్యం పని కాదు, సేవ."

స్విచ్ ఎత్తారు. తెర నల్లగా వెలిగింది. మీద తెల్లని ఇంగ్లీషు వరసలు. బొమ్మలు లేవు, డ్రాయింగులు లేవు. పద్మ కుర్చీ మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోకు," అన్నాడు సేఠ్‌జీ. "ఫ్రీ సరుకు బుద్ధి చూపించింది. పూజ అయిపోయింది, చూడడం కూడా అయిపోయింది. రేపటి నుంచి రావద్దు."

షెడ్డంతా వింటోంది. స్విచ్ లాగింది ఎవరో అందరికీ తెలుసు. అందరూ ఆకు దొన్నెలు సర్దుకోవడంలో పడ్డారు. పిల్లలూ, దీన్ని రాసిపెట్టుకోండి: యజమాని చేతి తప్పు ఎప్పుడూ మెషిన్ పేరు మీదే పడుతుంది, మెషిన్ తర్వాత దాని పక్కనున్న మనిషి మీద. పద్మ ఏడవలేదు. ప్రసాదం డబ్బా నా టేబులు మీద పెట్టి, మెల్లగా, "అంకుల్, స్క్రీన్ పే జో లిఖా హై, బస్ వో పఢ్‌నా," అని గేటు వైపు వెళ్ళిపోయింది. రాసి ఉన్నది చదవండి, అంతే.

కూర్చున్నాను. సేఠ్‌జీ నా వెనక, ఆయన వెనక సింహాద్రి మావ, అందరి వెనక ఆకు దొన్నెలో కిచిడీతో పంతులుగారు.

పేరు కొట్టాను, కనబడని పాస్‌వర్డ్ కొట్టాను. "చెయ్యి ఆడిస్తున్నావు, ఏమీ పడట్లేదే," అన్నాడు సేఠ్‌జీ. దాక్కుంది సర్, అన్నాను. లోపలికి వెళ్ళనిచ్చింది. అప్పుడు చదివాను. నా ఉద్యోగంలో అంత నెమ్మదిగా ఏ డ్రాయింగునీ చదవలేదు. పని మధ్యలో ఆగిపోయింది, మిగిలింది పూర్తి కావాలంటే నువ్వు స్వయంగా ఈ మాట కొట్టాలి, అని రాసి, ఆ మాట కూడా అక్కడే ఇచ్చింది.

ఎందరో పైవాళ్ళ కింద పనిచేశాను. తప్పు జరిగిందని అరిచినవాళ్ళే గానీ, ఇదీ తప్పు, దీన్ని సరిచెయ్యాలంటే ఇలా చెయ్యి అని చెప్పినవాడు ఒక్కడూ లేడు. ఈ ఉచిత సరుకు చెప్పింది.

అది చెప్పింది ఉన్నదున్నట్టు కొట్టాను. ముందు ఊపిరి పీల్చుకుని సుడో కూడా. వరసలు పైకి పరిగెత్తడం మొదలైంది. మధ్యలో ఆగి, సాగమంటావా వద్దా అని అడిగింది.

"ఏమంటోంది?" అన్నాడు సేఠ్‌జీ.

"సరేనా అంటోంది."

"వద్దను." ఎవరేమడిగినా ఆయన మొదటి జవాబు అదే.

సరే అని కొట్టాను. మళ్ళీ వరసలు. మావ వెనకనుంచి, "బాబూ, ఇది వైద్యమేనా, పని సేయించేత్తన్నావా?" అన్నాడు. వైద్యమే అన్నాను. కిచిడీ రెండో వడ్డన అయ్యేసరికి వరసలు ఆగాయి. తప్పు అన్న మాట ఎక్కడా లేదు. డ్రాయింగుల పేర్లు చూపించమని కొట్టాను. రేపటి గేరుతో సహా అన్నీ ఒకదాని కింద ఒకటి వరసగా నిలబడ్డాయి. ఇక ఒకసారి ఆపి మొదలుపెడితే రంగుల తెర వచ్చేస్తుంది.

నేను మొదలుపెట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా నిట్టూర్చాను.

"ఏమైంది?"

"డ్రాయింగులు ఉన్నాయి సర్. కానీ ఇక్కడ ఒక మాట రాసుంది." తెర మీద ఒక వరసకి వేలు పెట్టి, గంభీరంగా చదివాను. "నన్ను ఈ మెషిన్‌లో ఎక్కించిన మనిషి వచ్చి కూర్చుంటే తప్ప డ్రాయింగులు తెరవను."

సేఠ్‌జీకి ఇంగ్లీషు చదవడం రాదు. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. అందరికీ తెలుసని ఆయనకి మాత్రం తెలియదు. ఇంగ్లీషు కాగితం వస్తే కళ్ళజోడు పెట్టుకుని, పైనుంచి కిందికి చూసి, "ఊఁ" అని పక్కన పెట్టేవాడు. ఇప్పుడూ అదే "ఊఁ" అన్నాడు. తర్వాత, "పిలవండి," అన్నాడు.

మావ గేటుకి వెళ్ళి, పూజనాడు ఆటో దొరక్క టీ బండి దగ్గరే ఉండిపోయిన పద్మని తీసుకొచ్చాడు. "నీ మెషిన్ నిన్నే అడుగుతోంది," అన్నాడు సేఠ్‌జీ, ఆమె ముఖం చూడకుండా. నేనేం చదివి వినిపించానో మావ దారిలోనే చెప్పినట్టున్నాడు. పద్మ తెర మీదికి వంగింది. డ్రాయింగుల పేర్లు చూసింది. నేను వేలు పెట్టిన వరస చూసింది. నన్ను ఒక క్షణం చూసింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. అబద్ధం చెప్పలేని పిల్ల అని నాకు అప్పటిదాకా గట్టి నమ్మకం.

"అంకుల్, ఆప్ నే పూరా నహీ పఢా," అంది. మొత్తం చదవలేదట నేను. ఆఖరి వరస మీద వేలు పెట్టి, సేఠ్‌జీ వైపు తిరిగి, ప్రతి మాటా విడివిడిగా చెప్పింది: ఆ మనిషికి ఈ వారంలోనే పర్మనెంట్ లెటర్ ఇవ్వాలని కూడా ఇక్కడ రాసుంది, సర్.

సేఠ్‌జీ కళ్ళజోడు తీసి, పట్టు పంచె అంచుతో తుడిచి, పెట్టుకుని, తెరకి ముక్కు తగిలేంత దగ్గరికి వంగాడు. అక్కడున్నది మా కంప్యూటరు పేరు, పక్కన ఒక డాలరు గుర్తు, దాని పక్కన మినుకు మినుకుమంటున్న చిన్న గడి, అంతే. చాలాసేపు చదివాడు.

"హా," అన్నాడు. "లిఖా తో హై."

రాసే ఉంది, అని. పద్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏం రాసుందని పంతులుగారు అడిగితే, సేఠ్‌జీ ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి హిందీలో వివరించడం మొదలుపెట్టాడు. నేను చదివినదీ, పద్మ చదివినదీ అయ్యాక, తనంతట తను ఇంకో రెండు వరసలు కూడా చదివి వినిపించాడు.